ఆంగ్ల రంగస్థలంపై తొలి నటీమణులు: అనుమతి, జీతం, వాటా

1660 డిసెంబరు 8వ తేదీన లండనులోని వీర్ వీధి నాటకశాలలో "ఒథెల్లో" ఆడారు. డెస్డిమోనా పాత్ర ఒక స్త్రీ ధరించింది. ఆంగ్ల వృత్తి నాటకరంగంలో నటీమణుల చరిత్రను సాధారణంగా ఆ రోజుతో మొదలు పెడతారు. రంగం మీదికి రాబోయేది ఆడవేషం కట్టిన కుర్రవాడు కాదనీ, నిజంగా స్త్రీయేననీ ప్రేక్షకులను ఒప్పించడానికి థామస్ జోర్డన్ అనే కవి ప్రత్యేకంగా ఒక ప్రస్తావన రాశాడు. ప్రస్తావన రాసిన కవి పేరు మిగిలింది. నటించిన స్త్రీ పేరు మాత్రం నిశ్చయంగా మిగలలేదు. మార్గరెట్ హ్యూస్ అని కొందరూ, ఆన్ మార్షల్ అని కొందరూ అంటారు. సాహిత్య చరిత్రలు దీనిని ఒక వింతగా చెప్పి ముందుకు సాగిపోతాయి. విమర్శకుని పని ఇక్కడే మొదలు కావాలని నా అభిప్రాయం.

అభ్యుదయ దృష్టితో చరిత్రను చదివే వారికి ఈ ఘట్టంలో ఒక చిక్కుప్రశ్న వున్నది. 1642లో నాటకశాలలు మూయించినది ఎవరు? రాజు మీద తిరగబడిన పార్లమెంటు. వాటిని తిరిగి తెరిపించి, స్త్రీని రంగం మీదికి రానిచ్చినది ఎవరు? ప్రవాసం నుంచి వచ్చి సింహాసనమెక్కిన రెండవ చార్లెస్. చారిత్రకంగా ముందడుగు వేసిన పక్షం తలుపులు మూసింది. ఆ అడుగును వెనక్కు లాగిన పక్షం తలుపులు తీసింది. అయితే స్త్రీకి కళాస్వాతంత్ర్యం రాజు పెట్టిన భిక్ష అనుకోవాలా? అనుకోనక్కర లేదు. అలాగని ఇబ్బందికరమైన వాస్తవాన్ని దాటవేసి సూత్రాలు వల్లించడమూ తగదు.

వెనుకటి పరిస్థితులు చూద్దాం. పూర్వం స్త్రీపాత్రలు ధరించే కుర్రవాళ్లు పెద్ద నటుల దగ్గర శిష్యులుగా చేరి, ఏళ్ల తరబడి పని నేర్చుకునేవారు. 18 ఏళ్లు నాటకశాలలు మూతపడేసరికి ఆ శిక్షణ తెగిపోయింది. ఎడ్వర్డ్ కైనాస్టన్ వంటి వాడొకడు స్త్రీపాత్రల్లో మెప్పు పొందినా, పాతతరం కుర్రవాళ్లు మీసాలు వచ్చిన మగవాళ్లయిపోయారు. ప్రవాసంలో వున్న ఆస్థానీకులు ఫ్రాన్సులో నటీమణులను చూసి, ఆ అలవాటు వెంట తెచ్చుకున్నారు. 1629లో ఫ్రెంచి బృందం ఒకటి స్త్రీలతో లండనులో ఆడినప్పుడు గేలి చేసి తరిమిన దేశమే ఇది. మరొక సంగతి మరవరాదు. క్రామ్వెల్ పాలనలోనే, 1656లో, విలియం డావెనంట్ "ది సీజ్ ఆఫ్ రోడ్స్"ను సంగీత ప్రదర్శన పేరుతో రట్లండ్ హౌస్‌లో ఆడించాడు. అందులో కథానాయిక పాత్రను మిసెస్ కోల్మన్ పాడింది. అంటే రాజు రాకముందే తలుపు కొద్దిగా తెరుచుకున్నది.

1660 ఆగస్టులో రాజు థామస్ కిల్లిగ్రూకూ, డావెనంట్‌కూ నాటకాలాడించే హక్కు ఇచ్చాడు. లండను నాటకరంగమంతా ఈ రెండు కంపెనీల గుత్తసొత్తు అయింది. ప్రేక్షకుల కోసం రెండింటికీ పోటీ. ఆ పోటీలో కొత్త ఆకర్షణలు రెండు: రంగులు వేసిన తెరలు ఒకటి, స్త్రీలు ఒకటి. 1662 నాటి పేటెంటులో చెప్పిన కారణం వేరు. మగవాళ్లు ఆడదుస్తులు వేసుకోవడం కొందరికి రోతగా వున్నది కనుక స్త్రీపాత్రలు స్త్రీలే ధరించవచ్చునట! నీతి పేరు చెప్పి ఇచ్చిన అనుమతి ఇది. ఆ తరవాత జరిగినదేమిటి? 1660–1700 మధ్య లండనులో వచ్చిన సుమారు 375 నాటకాలలో 89 నాటకాలు నటీమణులకు మగదుస్తులు తొడిగించాయని పరిశోధకులు లెక్క తేల్చారు. బిగుతు లాగులో స్త్రీ కాళ్లు కనబడతాయి, టిక్కెట్లు అమ్ముడుపోతాయి. మగవాడు చీర కడితే అనీతి, స్త్రీ లాగు తొడిగితే వ్యాపారం!

ఈ వ్యాపారంలో ఆమె స్థానం ఏమిటో తెలుసుకోవడానికి 1660 నవంబరు 5న డావెనంట్ తన నటులతో చేసుకున్న ఒప్పందం చాలు. కొత్త నాటకశాల తెరిచాక రాబడిని 15 వాటాలు చేయాలి. 5 వాటాలు నటులవి. 10 డావెనంట్‌వి. ఆ పదిలో 2 ఇంటి అద్దెకూ, కట్టడానికీ, తెరల చట్రాలకూ. 1 దుస్తులకూ, సామగ్రికీ. మిగిలిన 7 స్త్రీలను పోషించడానికీ, యజమాని శ్రమకు ప్రతిఫలంగానూ. నటులు భాగస్థులు. నటీమణులు తెరలూ చట్రాలతో పాటు ఖర్చు పద్దులో చేరారు. ముఖ్యమైన నలుగురు నటీమణులను డావెనంట్ తన ఇంట్లోనే వుంచి పోషించాడు. వారిలో మేరీ సాండర్సన్ వున్నది. ఆమే తరవాత నటుడు బెటర్టన్‌ను పెళ్లాడి, షేక్స్పియర్ నాయికల పాత్రలు ధరించి, కొత్త నటీమణులకు పని నేర్పింది.

నేను ఈ కాలపు నాటకాలు పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు అడిగేది నెల్ గ్విన్ గురించే. నాటకశాలలో బత్తాయిపళ్లు అమ్మిన పిల్ల మంచి హాస్యనటి అయింది, రాజుకు ప్రియురాలయింది. కథ బాగానే వున్నది. కాని ఈ కథే చరిత్ర అయి కూర్చున్నది. రాజు పడకగది దాకా వెళ్లిన నటి అందరికీ తెలుసు. 1667లో రెబెక్కా మార్షల్ అనే నటి రాజుకు పెట్టుకున్న అర్జీ ఎందరికి తెలుసు? సర్ హ్యూ మిడిల్టన్ అనే పెద్దమనిషి పురమాయించిన రౌడీ వీధిలో ఆమె ముఖాన అశుద్ధం పులిమాడని ఆమె ఫిర్యాదు. 1692లో ఆన్ బ్రేస్‌గర్డిల్‌ను రిచర్డ్ హిల్ అనే సైనికాధికారి, మోహన్ ప్రభువు తోడుగా, ఎత్తుకుపోబోయాడు. ఆ ప్రయత్నం విఫలమయ్యాక, ఆమెతో కలిసి నటించే విలియం మౌంట్‌ఫర్ట్‌ను హిల్ కత్తితో పొడిచి చంపి పారిపోయాడు. ప్రభువుల సభ మోహన్‌ను విచారించి, 69 మంది నిర్దోషి అనగా 14 మంది దోషి అనగా, వదిలిపెట్టింది. ధర ఇచ్చి చూసిన స్త్రీ తన సొత్తేనని ఆనాటి కులీనుడు నమ్మాడు. న్యాయస్థానం కూడా అతనిదే.

ఇన్ని అవమానాల మధ్య వీరు నాటకాన్నే మార్చారన్నది నా ముఖ్య వాదం. 1677లో ఆఫ్రా బెన్ రాసిన "ది రోవర్"లో హెలెనా పాత్ర ధరించిన ఎలిజబెత్ బారీ, 1680లో ఆట్వే "ది ఆర్ఫన్"లో మొనిమియాగా, 1682లో "వెనిస్ ప్రిజర్వ్డ్"లో బెల్విడెరాగా పేరు గడించింది. ఆమె గొంతునూ శక్తినీ దృష్టిలో వుంచుకుని నాటకకర్తలు పాత్రలు కల్పించారు. వీరుల బీరాలతో మార్మోగిన విషాదనాటకం ఇంటిలోకి, భార్య దుఃఖంలోకి దిగింది. ఆ దుఃఖాన్నే సరుకుగా చేసి అమ్మిన నాటకాలూ వచ్చాయి. రెండూ నిజమే. ఒకటి చూసి రెండవది మరవడం విమర్శ కాదు.

1682లో రెండు కంపెనీలు ఒకటయ్యాయి. పోటీ పోయింది. కొద్ది ఏళ్లలో పెత్తనం క్రిస్టఫర్ రిచ్ అనే వకీలు చేతికి వచ్చింది. ఖర్చు తగ్గించడమే అతని కళాదృష్టి. 1694లో నటీనటులు కలిసి ఫిర్యాదు చేశారు. 1695లో బయటికి వచ్చి, లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లోని పాత బంతియాట శాలలో సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఏప్రిల్ 30న కాంగ్రీవ్ "లవ్ ఫర్ లవ్"తో తెర లేచింది. అనుమతి ఈసారీ రాజుదే. కాని లెక్కల పుస్తకం మారింది. బెటర్టన్‌తో పాటు బారీ, బ్రేస్‌గర్డిల్ వాటాదారులయ్యారు. 35 ఏళ్ల కిందట ఖర్చు పద్దులో వున్న స్త్రీ రాబడి పద్దులోకి వచ్చింది. ఆంగ్ల నటీమణి చరిత్రలో 1660 కంటె నేను 1695నే పెద్ద సంవత్సరంగా ఎంచుతాను. 1660లో ఆమెను పిలిచారు. 1695లో ఆమె తోటి పనివారితో కలిసి తెచ్చుకున్నది.

ఆ గెలుపు స్థిరపడలేదు. 1709లో ఆన్ ఓల్డ్‌ఫీల్డ్‌ను యాజమాన్యంలో చేర్చుకుందామన్న ప్రతిపాదన వస్తే, స్త్రీతో పెత్తనం పంచుకోనని డాగెట్ అనే నటుడు అడ్డు పడ్డాడు. ఆమెకు మంచి జీతం ఇచ్చి సరిపెట్టారు. డాగెట్ 1695లో బారీతో కలిసి బయటికి వచ్చినవారిలో ఒకడు! యజమాని మీద కలిసి పోరాడిన నటుడే, తాను యజమాని కాగానే తోటి నటిని జీతగత్తెగానే వుంచాడు. దీనిని రాజు మీదికీ, ప్రభువుల మీదికీ నెట్టివేయలేము.

కనుక నాటకరంగంలో స్త్రీ ప్రవేశాన్ని గురించి రాసేటప్పుడు, ఆమె మొదటిసారి ఎప్పుడు రంగమెక్కింది అన్న ప్రశ్న ఒక్కటీ చాలదు. ఆమెకు కూలి ఎవరు నిర్ణయించారు, రాబడిలో ఆమె భాగమెంత, ఆమెకు అవమానం జరిగితే తోటి నటులు ఎటు నిలబడ్డారు అని కూడా అడగాలి. ఆ లెక్కలు తేల్చిన తరవాత నెల్ గ్విన్ కథ చెప్పుకోవచ్చు.