తీసి పెట్టినా తప్పని గురి

మనిషి తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. వేట రైఫిల్ మీద స్కోప్‌ను, అంటే గురి చూసే దుర్భిణిని, పట్టి ఉంచే రెండు ఉంగరాల మధ్య దూరం ఇంచుమించు 100 మిల్లీమీటర్లు. వెనక ఉంగరం పాదం కింద ఒక్క వెంట్రుక ఇరుక్కుంటే చాలు, 100 మీటర్ల దూరంలో తూటా అనుకున్న చోటికి 7 సెంటీమీటర్లు పైన తగులుతుంది. 200 మీటర్లయితే 14. చిన్న జాతి జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు చాచిన అరచెయ్యంత మాత్రమే. అక్కడ తగలాల్సిన తూటా వెన్ను అంచున తగిలితే జంతువు అక్కడికక్కడే చావదు. గాయంతో పొదల్లోకి పోయి గంటల తరబడి బాధపడుతుంది. అందుకే స్కోప్‌ను కదలకుండా బిగించెయ్యాలా, కావాలన్నప్పుడు ఊడదీసుకునేలా అమర్చాలా అన్నది వేటగాడి సౌకర్యంతో తీరిపోయే విషయం కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఈ ప్రశ్నకు చోటు లేకుండా పోయింది. వేటను చట్టం అనుమతించే జర్మనీ, ఆస్ట్రియా, అమెరికా, దక్షిణ ఆఫ్రికాల్లో మాత్రం అది ఇప్పటికీ తెగని వాదమే. ఊడే మౌంట్ (స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే అమరిక) గురి నిలపదని ఒకరు, బిగించిన మౌంట్ అడవిలో చెయ్యిస్తుందని ఒకరు అంటారు. ఇద్దరూ మౌంట్ నుంచి మొదలుపెట్టడమే పొరపాటని నా ఉద్దేశం. స్కోప్ తీసేశాక ఆ తుపాకీకి చెయ్యాల్సిన పని ఏమైనా మిగులుతుందా? ముందు తేల్చుకోవలసింది అదే.

ఊడదీసే మౌంట్ పుట్టిన చోటికి వెళ్తే సంగతి తేటపడుతుంది. జర్మనీలో తురింగియా కొండల మధ్య ఉన్న జూల్, ఆస్ట్రియాలో కరింథియా ప్రాంతపు ఫెర్లాఖ్ శతాబ్దాలుగా తుపాకీ పనివాళ్ల ఊళ్లు. ఫెర్లాఖ్‌లో ఈ పని నేర్పే బడి 1878 నుంచి నడుస్తోంది. అక్కడివాళ్లు ఎంతో ఇష్టంగా చేసిన తుపాకుల్లో ఒకటి ‘డ్రిల్లింగ్’, అంటే మూడు గొట్టాల తుపాకీ. పైన పక్కపక్కనే రెండు చిన్న గుళ్లు చిమ్మే గొట్టాలు, వాటి కింద ఒక తూటా గొట్టం. అడవి అంచున నడుస్తున్న వేటగాడికి కుందేలు అడ్డం రావచ్చు, అడవికోడి లేవవచ్చు, దూరాన జింక కనిపించవచ్చు. ఒకే తుపాకీ మూడింటికీ పనికి రావాలి. ఎగిరే పిట్టను స్కోప్‌లోంచి చూసి కొట్టలేం. మసక వెలుతురులో నిలబడ్డ జింకను వట్టి కంటితో గురిచూసి కొట్టడం అన్యాయం. పైగా జర్మన్ వేట చట్టం సూర్యాస్తమయం తర్వాత గంటన్నర దాకా రాత్రి కింద లెక్కించదు. గిట్టలున్న జంతువుల వేట ఎక్కువగా ఆ సందె వెలుగులోనే, మంచె మీద కూర్చుని జరుగుతుంది. 56 మిల్లీమీటర్ల ముందు అద్దంతో, ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించే బరువైన స్కోపులను అక్కడివాళ్లు ఇష్టపడేది ఆ గంటన్నర కోసమే. పగలు నడిచేటప్పుడు అదే స్కోప్ మోత బరువు. కాబట్టి ఊడదీసే ఏర్పాటు ఆ తుపాకీకి పుట్టుకతో వచ్చిన అవసరం.

ఆ అవసరానికి జూల్ పనివాళ్లు కనిపెట్టిన జవాబు కొక్కేల మౌంట్. ముందు ఉంగరం పాదానికి రెండు కొక్కేలు, వెనకదానికి రెండు. గొట్టం మీద వాటికి సరిపడే గాళ్లున్న దిమ్మెలు ఉంటాయి. స్కోప్‌ను ఏటవాలుగా పట్టుకుని ముందు కొక్కేలు గాళ్లలోకి దించి, వెనక భాగాన్ని కిందికి నొక్కితే స్ప్రింగు జారుడు బిళ్ల టక్కున పడి పట్టేస్తుంది. తియ్యాలంటే ఆ బిళ్లను వేలితో జరిపి వెనక భాగాన్ని పైకెత్తితే చాలు. వాడటం ఎంత తేలికో చెయ్యడం అంత కష్టం. పనివాడు కొక్కేనికి దీపం మసి పట్టించి గాడిలో కూర్చోబెట్టి తీస్తాడు. ఉక్కు ఉక్కును తాకిన చోట మసి చెరిగి లోహం తళుక్కుమంటుంది. ఆ ఒక్క చుక్కనే సన్నటి ఆకురాయితో ఒక రాపిడి, రెండు రాపిళ్లు తీసి మళ్లీ మసి పట్టిస్తాడు. చుక్కలు పెరుగుతూ, ఒకదానితో ఒకటి కలుస్తూ, చివరికి కొక్కెం ముఖమంతా ఒకే రంగున మెరిసేదాకా ఇది పదుల సార్లు సాగుతుంది. ఒక్క రాపిడి ఎక్కువైతే కొక్కెం వదులు. వదులైతే లోహం పోసి మొదటినుంచి రావాలి. మన వడ్రంగి కుసిని బెజ్జంలో దించి, తీసి, చెక్కి, మళ్లీ దించే ఓపికే ఇది, కొలత మాత్రం వెంట్రుకలో పదోవంతు. పాత జర్మన్ స్కోపులు చాలావాటిలో పైకీ కిందికీ సరిచేసే మీట మాత్రమే ఉండేది, కుడి ఎడమల సర్దుబాటు మౌంట్ వెనక దిమ్మెలోనే చేసేవాళ్లు. అంటే మౌంట్ స్కోప్‌కు ఆధారం మాత్రమే కాదు, గురి యంత్రంలో సగం.

అందువల్లే ఆ మౌంట్ ఒకే తుపాకీకి, ఒకే స్కోప్‌కు చెందుతుంది. ఇంకోదానికి పెడితే కూర్చోదు. తర్వాత వచ్చినవన్నీ ఈ చేతిపనిని తగ్గించే ప్రయత్నాలే. ముందు పాదాన్ని అడ్డంగా దించి తొంభై డిగ్రీలు తిప్పి వెనక బిగించే తిరుగుడు మౌంట్ లేతు మీద కచ్చితంగా చెయ్యగలిగేది. 1993లో వచ్చిన బ్లేజర్ ఆర్93 రైఫిల్‌లో మౌంట్ నేరుగా గొట్టం మీది గుంటల్లోనే కూర్చుంటుంది, కాబట్టి గొట్టం మార్చితే దాని స్కోప్ దానితోనే వెళ్తుంది. అమెరికా సైన్యం 1995లో ప్రమాణంగా నిర్ణయించిన పికటిన్నీ పట్టాలో 5.23 మిల్లీమీటర్ల వెడల్పు గాళ్లు సుమారు 10 మిల్లీమీటర్లకొకటి వరసగా ఉంటాయి. దాని మీద మీటలతో బిగిసే ఉంగరాలు ఇవాళ ఎక్కడైనా దొరుకుతాయి. వీటిని వాడేవాళ్లలో చాలామంది ఒక చిన్న పని మరిచిపోతారు. తుపాకీ పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, స్కోప్ మాత్రం తన జడత్వం వల్ల ఉన్నచోటే ఉండబోతుంది. అంటే రైఫిల్‌తో పోలిస్తే ముందుకు జారబోతుంది. అందుకని మీట బిగించే ముందే ఉంగరాన్ని ముందుకు తోసి, అడ్డపు కడ్డీ గాడి ముందు గోడకు ఆనేలా చూసుకోవాలి. అలా ఆనకుండా బిగిస్తే మొదటి రెండు మూడు తూటాలకు స్కోప్ దానంతటదే ముందుకు జరిగి ఆనుతుంది, గురి మారుతుంది. ‘ఊడే మౌంట్ గురి నిలపదు’ అన్న ఫిర్యాదులు కొన్ని ఇలా పుట్టినవే.

బిగింపు మౌంట్ వైపు న్యాయం తక్కువేమీ కాదు. మామూలు వేట రైఫిల్ పేలినప్పుడు సెకనులో వెయ్యోవంతు కాస్త మించిన సమయంలో సెకనుకు మూడు మీటర్ల వేగం అందుకుంటుంది. అరకిలో స్కోప్‌ను దానితోపాటు లాక్కుపోవాలంటే ఆ క్షణాన మౌంట్ మీద పడే లాగుడు వంద కిలోల బరువుకు పైనే. కదిలే ముక్కలు ఎంత తక్కువైతే అరగడానికి, వదులు కావడానికి అంత తక్కువ చోటు. పైగా స్కోప్‌ను ఊడదీసే పాత కారణాల్లో ఒకటి చాలావరకు పోయింది. ఒకప్పటి స్కోపుల్లోకి తేమ చేరి అద్దాలు మసకబారేవి, అప్పుడు స్కోప్ తీసి వట్టి కంటితో కొట్టాల్సి వచ్చేది. 1947 ప్రాంతంలో అమెరికాలోని లూపోల్డ్ సంస్థ గొట్టంలో నైట్రోజన్ నింపి మూసివేసిన స్కోపులు తెచ్చాక, పరిశ్రమ అంతా క్రమంగా ఆ దారి పట్టింది. కొండల్లో 200 మీటర్ల అవతల మేసే జింకకోసమే కొన్న రైఫిల్‌కు, గొట్టం మీద వట్టి కంటితో చూసే ఇనుప గురులే లేకుండా అమ్మే రైఫిల్‌కు, స్కోప్ తీసేశాక చేసే పని ఏదీ లేదు. దానికి ఖరీదైన ఊడే మౌంట్ కొనడం వాడని తలుపుకు తాళం కొనడం లాంటిది. ఆ డబ్బు మంచి స్కోప్ మీదో, గురి సాధనకు తూటాల మీదో పెట్టడం మేలు. బిగింపు మౌంట్ కూడా ఊరికే నిలవదు, అది వేరే సంగతి. మరలను నూనె లేకుండా తుడిచి, వదులుకాకుండా పట్టే బంక రాసి, ఉంగరపు స్క్రూలను కొలత చూపే స్క్రూడ్రైవరుతో సుమారు 2 న్యూటన్ మీటర్ల బిగువుకు తిప్పాలి. ‘చెయ్యి నొప్పి పెట్టేదాకా’ బిగించినవాళ్లు స్కోప్ గొట్టాన్నే నొక్కేసుకుంటారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఆఫ్రికాలో గాయపడ్డ అడవిదున్న దట్టమైన పొదలోకి దూరింది. వెతుక్కుంటూ వెళ్తే పది అడుగుల దూరంలో మీదికి వస్తుంది. స్కోప్‌లో అప్పుడు నల్లటి తోలు తప్ప ఏమీ కనిపించదు. లేదా రైఫిల్ రాయి మీద పడి స్కోప్ వంగిపోయింది. అలాంటప్పుడు ఊడని స్కోప్ ప్రాణాంతకం కదా? నిజమే. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ తూటా వాడే రైఫిళ్లకు ఇప్పటికీ ఇనుప గురులు, ఊడే మౌంట్లు అమర్చుకునేది ఆ భయంతోనే. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ తుపాకీకి స్కోప్ లేకుండా చెయ్యాల్సిన పని స్పష్టంగా ఉంది. కానీ ఒప్పుకున్నవాళ్లు ఇంకో సంగతి చూడాలి. తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, మీద చెంప ఆనే ఎత్తు కన్ను ఎక్కడుంటుందో నిర్ణయిస్తుంది. స్కోప్‌కు సరిపడే ఎత్తులో మలిచిన మడమ మీద చెంప ఆనిస్తే కన్ను ఇనుప గురికి పైన ఉండిపోతుంది. ఇనుప గురికి తగినట్టు మలిస్తే స్కోప్ చూడాలంటే తల ఎత్తాలి, చెంపకు ఆసరా పోతుంది. దున్న మీదికొచ్చే క్షణాన మెడ వంచి గురి వెతుక్కునే తీరిక ఉండదు. కాబట్టి ఊడే మౌంట్ ఒక్కటి కొన్నంత మాత్రాన రక్షణ రాదు. స్కోప్‌ను వీలైనంత కిందికి దించే మౌంట్, రెండింటికీ కుదిరే మడమ, ఇనుప గురితో సాధన, ఇవన్నీ కలిస్తేనే ఆ ఏర్పాటుకు అర్థం.

ఊడే మౌంట్ వైపు చెప్పే రెండో స్కోప్ వాదం నాకు ఇంకా బలంగా కనిపిస్తుంది. విమానంలో తీసుకెళ్లే పెట్టె దెబ్బ తింటే, వేలమైళ్ల అవతల ఆ వేట మొత్తం పోతుంది. ముందే గురి కుదిర్చిన రెండో స్కోప్ సొంత ఉంగరాలతో సంచిలో ఉంటే, ఊడే మౌంట్ నిమిషంలో ఆ నష్టాన్ని పూడుస్తుంది. అయితే ‘ముందే కుదిర్చిన’ అన్న మాట కాగితం మీదిది కాకూడదు. మౌంట్ అమ్మేవాళ్ల హామీ కూడా రుజువు కాదు. రుజువు ఒకటే. 100 మీటర్ల దగ్గర కాగితం గురి పెట్టి ఒక తూటా కొట్టి, స్కోప్ పూర్తిగా ఊడదీసి, దిమ్మె మీది గాళ్లను గుడ్డతో తుడిచి, మళ్లీ అమర్చి రెండోది కొట్టాలి. మీట ప్రతిసారీ అదే చోట ఆగుతోందో లేదో గమనించాలి. ఇలా ఐదు తూటాలు. తర్వాత స్కోప్ ముట్టుకోకుండా పక్క కాగితం మీద ఇంకో ఐదు. రెండు గుంపుల వెడల్పు, నడిబొడ్డు దాదాపు ఒకటైతే ఆ మౌంట్ ఆ తుపాకీ మీద నమ్మదగ్గదే, జూల్‌లో మసి పట్టించి చేసినదైనా, యంత్రం మీద కోసినదైనా. మొదటి గుంపు చెదిరితే ముందు మీట బిగువు సరిచూసి, ఉంగరాన్ని ముందుకు తోసి, మళ్లీ ఐదు కొట్టాలి. అప్పటికీ చెదిరితే ఆ రైఫిల్‌కు స్క్రూలతో బిగించే ఉంగరాలు తెప్పించుకుని, ఊడే మౌంట్‌ను అమ్మేయవచ్చు.