ఐలమ్మ సంఘం, అమ్మ సంఘం

ఎన్నికలొచ్చినప్పుడల్లా మా అమ్మ పొదుపు సంఘానికి ఎక్కడలేని విలువ వస్తుంది. ఊళ్లో ఇన్ని సంఘాలు, సంఘానికి ఇంతమంది ఆడవాళ్లు, ఇంటికి ఇన్ని ఓట్లు అని పార్టీలవాళ్లు కాగితం మీద కూడికలు వేసుకుంటారు. 2024 మే 13న లోక్‌సభ పోలింగ్. అంతకుముందు రెండు వారాలూ కేసముద్రం దగ్గరి మా ఊళ్లో ఒకరోజు ఒక పార్టీ ఆటోలు, మర్నాడు ఇంకో పార్టీ ఆటోలు. రెండింట్లోనూ ఎక్కింది ఆ ఆడవాళ్లే. ఎండకు వాడిపోయి తిరిగొచ్చిన అమ్మను "ఏం చెప్పిండ్రు అక్కడ?" అని అడిగితే, "ఏం జెప్తరు బిడ్డా. చేతులు లేపుమన్నరు, లేపినం" అంది.

ఆ సెలవుల్లోనే నేను ఒక ప్రసంగం కోసం 'మనకు తెలియని మన చరిత్ర' మళ్లీ చదువుతున్నాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత వాళ్ల కథలు చెప్పించి, స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన పుస్తకం అది. పరిశోధక విద్యార్థిగా దాన్ని మౌఖిక చరిత్రకు ఉదాహరణగా చదివాను, సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం రాశాను. అమ్మ మాట విన్న తర్వాత మాత్రం ఒక్క పదం దగ్గర ఆగిపోయాను. అది 'సంఘం'.

చిట్యాల ఐలమ్మది మాకు దూరం కాని పాలకుర్తి. ఆమె కథ అందరికీ తెలుసుననే అనుకుంటాం. 1940ల నడుమ, ఆమె కౌలుకు తీసుకుని సాగుచేసిన నాలుగెకరాల పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు కోసుకుపోవడానికి వచ్చారు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు వాళ్లను తరిమి, వరి కోసి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆంధ్ర మహాసభను పల్లెల్లో జనం 'సంఘం' అనే పిలుచుకున్నారు. ఐలమ్మ తెగువ సంఘాన్ని తెచ్చింది, సంఘం ఆమె ధాన్యాన్ని ఇల్లు చేర్చింది. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పంట గడీకే పోయేది.

ఇప్పుడు ఐలమ్మ విగ్రహాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. సంతోషించాల్సిన విషయమే. ఒక చాకలి స్త్రీ పేరు విశ్వవిద్యాలయ ద్వారం మీదికి ఎక్కడం చిన్న సంగతి కాదు. అయితే ఎన్నికల వేదికల మీద వినబడే ఐలమ్మ ఎప్పుడూ ఒంటరి వీరనారి. ఆమె వెనక సంఘం ఉండదు. సంఘాన్ని తీసేసి ఐలమ్మను మాత్రం నిలబెడితే నాయకులకు ఒక సౌకర్యం ఉంది. వీరనారికి దండ వేసి, ఆ పక్కనే తామూ నిలబడవచ్చు. జనం పని ఇక చేతులు లేపడమే. ఐలమ్మకు జరుగుతున్న ఈ మర్యాదలో ఒక చెరిపివేత ఉందని నాకనిపిస్తుంది.

అలాగని సంఘాన్ని నెత్తిన పెట్టుకుందామా? 'మనకు తెలియని మన చరిత్ర' అంత తేలిగ్గా ఆ పని చేయనివ్వదు. దళంలో తిరుగుతూ కన్న బిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథ ఉంది అందులో. 1951లో పోరాట విరమణ జరిగాక ఇంటికి వెళ్లిపొమ్మంటే, ఏ ఇంటికి, ఏం తిని బతకడానికి అన్న ప్రశ్న మిగిలిన స్త్రీల కథలున్నాయి. తుపాకీ పట్టినప్పుడు కామ్రేడ్లయినవాళ్లు తర్వాత మళ్లీ భార్యలూ, విధవలూ, విడిచిపెట్టబడ్డవాళ్లూ అయ్యారు. ఐలమ్మ నుంచి సంఘాన్ని చెరిపేసింది రాజకీయ వేదికలైతే, సంఘం నుంచి స్త్రీలను చెరిపేసింది సంఘమే. రెండో చెరిపివేత గురించి మనం తక్కువ మాట్లాడతాం. అది మనవాళ్లు చేసింది కాబట్టి.

తర్వాత కూడా ఇలాగే జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని తలుచుకోండి. ఆడవాళ్లు గుంపుగా కదిలి సారా దుకాణాలు మూయించారు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం వాగ్దానమైంది, 1995 జనవరిలో చట్టమైంది, 1997లో ఎత్తేశారు. సాధించింది ఆడవాళ్లు, ప్రకటించింది ఒక ముఖ్యమంత్రి, తీసేసింది ఇంకో ముఖ్యమంత్రి. ఆ దశాబ్దంలోనే డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరిగాయి. గుంపుగా దుకాణం మూయించిన స్త్రీ చేతికి పొదుపు పుస్తకం వచ్చింది. సంఘం అంటే అప్పు, వాయిదా, బ్యాంకు అయింది. ఎన్నికలప్పుడు ఓట్ల మూట అయింది.

మే నెలలో నేను ఇక్కడే ఆగి, నిరాశగా ఒక ప్రసంగం రాసుకుని వెళ్లాను. చప్పట్లు కొట్టారు.

సెప్టెంబర్ ఒకటిన మహబూబాబాద్ జిల్లా వానలో మునిగింది. ఆకేరు పొంగింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. నేను ఊరు చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి లోతట్టు ఇళ్లవాళ్లంతా బడిలో ఉన్నారు. వంట సాగుతోంది. చేస్తున్నది మేలో ఆటోలెక్కిన ఆడవాళ్లే.

అమ్మవాళ్ల తీర్మానాల పుస్తకం నేను అప్పుడే మొదటిసారి తెరిచాను. మే నెల పేజీలో ఒక్కటే వాక్యం: సభ్యులు మీటింగులకు పోయినందున సమావేశం జరగలేదు. సెప్టెంబర్ పేజీ నిండా రాత ఉంది. ఈ నెల అప్పు వాయిదా ఎవరినీ అడగరాదు. ఇంటికి రెండు సేర్ల బియ్యం తేవాలి, ఇల్లు మునిగినవాళ్లు తేనక్కరలేదు. బాలింత ఉన్న గదిలో మగవాళ్లు పడుకోరాదు. ఆ చివరి వాక్యం దగ్గర నాకు కళ్లు చెమర్చాయి. ఏ మేనిఫెస్టోలో ఉంటుంది ఇంత అవసరమైన మాట?

అయితే అదే పేజీలో ఒక కొట్టివేత కూడా ఉంది. ఏమిటని అడిగితే కాసేపు ఎవరూ చెప్పలేదు. మాది బీసీ వాడ సంఘం. మాదిగవాడ సంఘం వేరు, తండా సంఘం వేరు. బడిలో మొదటిరోజు మూడు పొయ్యిలు వెలిగాయట. "ఎవలది వాళ్లు వండుకోవాలె" అని మా సంఘమే రాయించింది. కట్టెలు తడిసిపోయి రెండు పొయ్యిలు ఆరిపోతే, తండా నుంచి వచ్చిన ఒక పెద్దామె అందట, "పొయ్యి ఒక్కటే మండుతాంది, మీ కులం దానికి చెప్పుండ్రి" అని. అప్పుడు కొట్టేశారు. ఇద్దరు తినలేదు, బయటికి పోయి అటుకులు తిన్నారు. ఆ ఇద్దరిలో మా మేనత్త ఒకరు.

నేను ఆశ గురించి రాయబోతూ ఈ కొట్టివేతను దాచిపెడితే, విగ్రహం కట్టినవాళ్లకూ నాకూ తేడా ఉండదు. తడిసిన కట్టెల వల్ల ఒక్కటైన పొయ్యి, కట్టెలు ఎండాక ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను. నీళ్లు తీసిన తర్వాత మూడు సంఘాలూ మళ్లీ మూడయ్యాయి. కానీ నెలకొకసారి కలిసి కూర్చోవాలని ఒక తీర్మానం మిగిలింది. నాలుగు నెలల్లో రెండుసార్లు కూర్చున్నారు. రెండోసారి గొడవ పడ్డారు. గొడవ కూడా పుస్తకంలోకి ఎక్కింది.

ఓటు వద్దని నేననడం లేదు. కొట్టుకుపోయిన పట్టాలు సంఘం వెయ్యలేదు, ప్రభుత్వమే వెయ్యాలి. కూలిన ఇంటికి డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలి, ఇవ్వకపోతే నిలదీయాలి. అడగాల్సింది అడగడానికైనా ముందు పదిమంది ఒకచోట కూర్చోవాలి కదా. ఆశను నాయకుడి ముఖంలో వెతికితే ఐదేళ్లకొకసారి దొరికి, మళ్లీ పోతుంది. సంఘంలో వెతికితే అది ఒక పని రూపంలో దొరుకుతుంది. చెయ్యకపోతే మర్నాడు ఉండదు. తప్పు చేస్తే అక్కడే కొట్టేసి మళ్లీ రాయాలి.

నా ప్రసంగం కాగితాలు చూపించి అమ్మకు ఇదంతా చెప్పాను. మొత్తం విని, "మంచిగనే రాసినవు. మల్ల వచ్చే నెల మీటింగుకు వస్తవా? రాసేటామెకు కండ్లు కనవడ్తలేవు" అంది.

ఐలమ్మ మీద ఒక అధ్యాయం రాసినదాన్ని. ఈ ప్రశ్నకు సిద్ధంగా లేను. పోయిన నెల వెళ్లాను. తీర్మానాలు నేనే రాశాను. మేనత్త వచ్చి మూలన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు, కానీ టీ తాగింది.