బారెడు దూరంలో పేరు

ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషికి, పక్కన నిలబడ్డ నర్సు మెడలోని కార్డు దాదాపు బారెడు దూరంలో ఉంటుంది. రోగి కళ్లజోడు తీసి దిండు పక్కన పెట్టుకుని ఉంటాడు. పైనున్న ట్యూబులైటు కార్డు మీద పడి మెరుస్తుంటుంది. అంత దూరం నుంచి, అలాంటి కళ్లకి ఆ అమ్మాయి పేరు కనబడుతుందా? గుర్తింపు కార్డు డిజైన్ చేయడానికి కూర్చున్నప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే.

ఆర్డరిచ్చే సంస్థలు మాత్రం లోగోతో మొదలుపెడతాయి. లోగో పెద్దగా కనబడాలి. దాని కింద సంస్థ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, వెబ్‌సైటు, రెండు ఫోన్ నంబర్లు, క్యూఆర్ కోడు, పై అధికారి సంతకం. ఇవన్నీ పట్టాల్సిన చోటు ఏటీఎం కార్డంత. 85.6 మిల్లీమీటర్ల పొడవు, 53.98 వెడల్పు, 0.76 మందం. ప్రపంచమంతా పాటించే ఐఎస్ఓ కొలత అది. ఫొటో పోను మిగిలిన జాగాలో ఇన్ని కుక్కితే చివరికి చిక్కిపోయేది పేరే. సంస్థ పేరు గేటు మీద ఉంది, గోడ మీద ఉంది, బిల్లు మీద ఉంది. లోపలికి వచ్చినవాళ్లకి తాము ఎక్కడికి వచ్చారో తెలుసు. తమతో మాట్లాడుతున్నది ఎవరో తెలియదు. కార్డు చెప్పాల్సింది అదే.

కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ వైద్యురాలు 2013లో క్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేరినప్పుడు, తన దగ్గరికి వచ్చిన సిబ్బందిలో చాలామంది పేరైనా చెప్పకుండా పని చేసుకుపోతున్నారని గమనించారు. ఎవరైనా సరే తమ పేరు చెప్పుకుని మాట మొదలుపెట్టాలని ఉద్యమం నడిపారు. 2016లో ఆమె కన్నుమూసే నాటికి అది బ్రిటన్ ఆసుపత్రులంతటా పాకింది. 'నమస్తే, నా పేరు ఫలానా' అనే అర్థం వచ్చేలా, పేరు పెద్దగా అచ్చేసిన బ్యాడ్జీలు అక్కడ వాడుకలోకి వచ్చాయి. మన దగ్గర కూడా 2020లో కోవిడ్ వార్డుల్లో పీపీఈ కిట్లు తొడుక్కున్నాక ఎవరు డాక్టరో ఎవరు ఆయమ్మో తెలియక, ఛాతీ మీద, వీపు మీద మార్కరు పెన్నుతో పేర్లు రాసుకున్నారు. ఒక్క ముక్కే రాయగలిగినప్పుడు మనిషి ఏం రాసుకుంటాడో అప్పుడు తెలిసింది.

ఆ పేరు తెలుగులో ఉండాలంటాను. ఇంగ్లీషు కింద చిన్నగా ఉంటే చాలు. పల్లె నుంచి వచ్చి వార్డు బయట కూర్చున్న పెద్దావిడకి కార్డు ఉపయోగపడాలంటే వేరే దారి లేదు. కాకపోతే తెలుగు అక్షరాన్ని ఇంత చిన్న ప్లాస్టిక్ ముక్క మీద నిలబెట్టడం ఓపిక కోరే పని. కార్డు ప్రింటరు సాధారణంగా అంగుళానికి మూడు వందల చుక్కలు వేస్తుంది. దాని రిబ్బనులో పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, చివర పారదర్శకమైన పైపూత వరసగా ఉంటాయి. మొదటి మూడు రంగులూ వేడికి ఆవిరై ప్లాస్టిక్‌లోకి దిగుతాయి. అంచులు మెత్తగా కలిసిపోతాయి కాబట్టి ముఖానికి అది బాగుంటుంది. నలుపు అలా కాదు, కరిగి పైన అతుక్కుంటుంది. దాని అంచు పదును. అక్షరం ఆ నలుపుతోనే పడాలి. డిజైనంతా ఒకే జేపీజీ చేసి పంపితే చాలాసార్లు ప్రింటరు అక్షరాన్ని కూడా ఫొటోలాగే చూసి మూడు రంగులూ కలిపి మసక నలుపు చేస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఆ మసకని ఎలాగో తట్టుకుంటుంది. 'లక్ష్మి' తట్టుకోదు. క కిందున్న ఒత్తులు రెండూ ఒకదానిలోకి ఒకటి పూడిపోతాయి. అందుకే అక్షరాన్ని అక్షరంగానే పంపాలి. మరీ లావు ఫాంటు వద్దు, ఒత్తుల మధ్య తెలుపు మిగలాలి. ఉచితంగా దొరికే మండలి ఫాంటు ఈ పనికి నాకు నచ్చుతుంది. కింది వరసని కాస్త దించితే ఒత్తుల కాళ్లు తెగవు.

చిన్న ఊళ్లలో, ముఖ్యంగా బడులు తెరిచే జూన్ నెలలో, చాలా కార్డులు తయారయ్యే పద్ధతి వేరు. డ్రాగన్ షీటు అనే పలచటి ప్లాస్టిక్ షీటు మీద ఇంక్‌జెట్‌తో అచ్చేసి, ఫ్యూజింగ్ మిషన్లో వేడితో, ఒత్తిడితో అతికించి, డై కట్టరుతో కోస్తారు. తొందరపడి చల్లారకముందే బయటికి తీస్తే కార్డు వంగిపోతుంది. శ్రద్ధగా చేస్తే మాత్రం ఇవీ ఖరీదైన కార్డులకి తీసిపోవు.

ఫొటో దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముఖాన్ని తెల్లబరచకూడదు. ఎవరూ అడగకపోయినా చాయ పెంచడం మన స్టూడియోల్లో అలవాటైపోయింది. నల్లగా ఉన్న మనిషి కార్డులో తెల్లగా ఉంటే అది గుర్తింపు కార్డు ఎలా అవుతుంది? పైగా ఆ మనిషికి అది చెప్పకనే చెప్పే మాట చాలా చెడ్డది. లోపం ఎక్కువగా ముఖంలో కాదు, గోడలో ఉంటుంది. తెల్లగోడ ముందు నిలబెడితే కెమెరా ఆ తెలుపుని చూసి వెలుగు తగ్గించుకుంటుంది, ముఖం ఉన్నదానికంటే నల్లబడుతుంది. లేత నీలమో బూడిద రంగో ఉన్న తెర కట్టి, కిటికీ వెలుగు ముఖాన పడేలా నిలబెడితే తర్వాత దిద్దాల్సిన అవసరం దాదాపు ఉండదు.

పేరు ఎలా వేయాలో కూడా మనిషినే అడగాలి. సాఫ్ట్‌వేర్లు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు పెడతాయి. మన ఇంటిపేరు ముందొస్తుంది, దాని వెంట కులమూ చాలాసార్లు బయటపడుతుంది. అది మెడలో వేలాడదీసుకోవడం ఇష్టంలేనివాళ్లు ఉంటారు. పిలిచే పేరు పెద్దగా, ఇంటిపేరు కావాలంటే పొడి అక్షరంగా వేస్తే సరిపోతుంది. పుట్టిన తేదీ, ఇంటి చిరునామా అసలు వద్దు. చిన్నపిల్లల విషయంలో అయితే నా బారెడు లెక్క తిరగబడుతుంది. రోడ్డు మీద పోయే ఎవరైనా పాపని పేరుపెట్టి పిలిచే వీలు కల్పించకూడదు. అందుకని వాళ్ల కార్డు ముందువైపు బడి పేరు, ఫొటో, వెనకాల బడి ఫోన్ నంబరు చాలంటాను. అమ్మానాన్నల నంబర్లు బడి రిజిస్టరులో ఉండాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ట్యాగుల తేడా. పర్మినెంటు ఉద్యోగికి శాటిన్ ట్యాగు, పీవీసీ కార్డు. గదులు ఊడ్చే మనిషికి కాగితం ముక్క లామినేషన్ చేసి ఇస్తారు. దాని మీద ఏజెన్సీ పేరు, 'హౌస్ కీపింగ్' అన్న మాట పెద్దగా ఉంటాయి, పేరుండాల్సిన చోట అంకె ఉంటుంది. చేసే పనిని బట్టి రంగు మార్చడంలో అర్థం ఉంది. డాక్టరెవరో, నర్సెవరో, టెక్నీషియనెవరో ఒక చూపులో తెలియడం రోగికి అవసరం. జీతం ఎవరు ఇస్తున్నారో చెప్పే రంగు ఏ రోగికీ అక్కర్లేదు. రాత్రిపూట నీళ్లు కావాలన్నా, చక్రాల కుర్చీ కావాలన్నా రోగి ముందుగా పిలిచేది చాలాసార్లు ఆ ఊడ్చే మనిషినే.

అందుకని నా దగ్గర అందరికీ ఒకటే కొలత, పేరుకి ఒకటే అక్షరం సైజు. ఒంటి కొక్కెం మీద కార్డు తిరిగిపోతుంది కాబట్టి వెనకవైపు కూడా నల్లరంగులో పేరు వేస్తాను. ఆర్డరు మాట్లాడేటప్పుడే కాంట్రాక్టు సిబ్బంది జాబితా కూడా అడుగుతాను. వాళ్లు పలికే విధంగా, తెలుగులో రాసి, పేరు ఎవరిదో వాళ్లకే చూపించి సరిచూసుకుని ఇమ్మంటాను. ఏజెన్సీ నుంచి ఆ పేర్లు ఆలస్యంగా వచ్చినా, అవి వచ్చాకే అందరి కార్డులూ కలిపి అచ్చుకి పంపుతాను.