తన్నే తుపాకీ, తడబడని గురి

అమెరికా తుపాకీ దుకాణాల్లో పాత హాస్యం ఒకటి చెప్పుకుంటారు. సెకండ్ హ్యాండ్ .44 మాగ్నమ్ రివాల్వర్ కొంటే యాభై తూటాల పెట్టె కూడా వెంట వస్తుందట. అందులో నలభై నాలుగు అలాగే మిగిలి ఉంటాయట. మొదట కొన్నాయన ఆరు తూటాలూ ఒక్కసారి పేల్చి, చెయ్యి విదిలించుకుని, తుపాకీని కొన్నచోటే అప్పజెప్పి పోయాడన్నమాట.

నిజానికి ఆ తన్ను కోరి తెచ్చుకున్నదే. ఐడహో రాష్ట్రంలో పశువుల పెంపకం, వేట, తుపాకుల మీద పత్రికా రచన చేస్తూ బతికిన ఎల్మర్ కీత్ ఏళ్ల తరబడి .44 స్పెషల్ తూటాల్లో మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి చూశాడు. అంత బలమైన తూటాను తయారుచేయమని కంపెనీల వెంటపడ్డాడు. చివరికి రెమింగ్టన్ తూటా, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ జంటగా 1956లో .44 మాగ్నమ్ పేరుతో బజారుకు వచ్చాయి. 1971లో ‘డర్టీ హ్యారీ’ సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతికెక్కాక ఆ పేరు ప్రపంచమంతా మోగింది. అయితే దాన్ని పేల్చే విద్య ఎదిగింది మాత్రం వేటగాళ్ల చేతుల్లో, పోటీ మైదానాల్లో.

బుల్లెట్ ముందుకు వెళ్లే ఊపు ఎంతో, తుపాకీ వెనక్కి వచ్చే ఊపూ అంతే. .44 మాగ్నమ్ బుల్లెట్ సుమారు 15.5 గ్రాములు, వేగం సెకనుకు 420 మీటర్ల దాకా ఉంటుంది. దాని వెనకాలే దూసుకొచ్చే వాయువు సంగతి పక్కన పెట్టినా, 1.3 కిలోల రివాల్వర్ సెకనుకు ఐదు మీటర్ల వేగంతో అరచేతిని గుద్దుతుంది. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది .22 తూటా. దాని బుల్లెట్ 2.6 గ్రాములే. ఊపు చూస్తే మాగ్నమ్‌లో ఎనిమిదో వంతు. పైగా పెద్ద రివాల్వర్ గొట్టం చేతికి బాగా ఎత్తులో ఉంటుంది. అందుకే అది వెనక్కి రావడంతో ఆగదు, మూతి ఒక్కసారిగా పైకి లేస్తుంది.

పేలిన బుల్లెట్ గొట్టంలో ఉండేది సుమారు సెకనులో వెయ్యోవంతు. ఆ కాస్తలోనే మూతి కొద్దిగా లేవడం మొదలవుతుంది. అది తెలిసే తయారీదారులు ముందు సైట్‌ను ఎత్తుగా పెడతారు. అంటే గురి చూసినప్పుడు గొట్టం లక్ష్యానికి కాస్త కిందకే చూస్తూ ఉంటుంది. నెమ్మదిగా కదిలే బరువైన బుల్లెట్ గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, దగ్గరి దూరాల్లో తేలికదానికన్నా పైన తగులుతుంది. ఇంతటి లెక్క నిలవాలంటే షూటర్ నుంచి కావలసింది ఒక్కటే: ప్రతిసారీ అదే పట్టు, అదే బిగువు.

పట్టు ఎలా ఉండాలన్నది పిడిని బట్టి ఉంటుంది. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ పిడి నాగలి మేడిలా వంగి ఉంటుంది. దాన్ని మరీ బిగించి ఆపకూడదు. అరచేతిలో దొర్లనిస్తే తన్ను కొంత అందులోనే ఖర్చవుతుంది, హ్యామర్ కూడా బొటనవేలికి అందేచోటుకు వస్తుంది. డబుల్ యాక్షన్ రివాల్వర్‌కు పద్ధతి వేరు. చేతిని వీలైనంత పైకి జరిపి పట్టుకుంటేనే గొట్టం ముంజేతి వరుసకు దగ్గరవుతుంది. రెండో చేతి వేళ్లు సిలిండర్‌కు, గొట్టానికి మధ్య సందు దగ్గరికి పోకూడదు. అక్కడ పక్కకు చిమ్మే వేడి వాయువు చర్మాన్ని చీల్చేస్తుంది.

ఒకప్పుడు పిస్టల్ అంటే ఒంటిచేత్తో పేల్చేదే. 1950లలో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ లేక్ దగ్గర జెఫ్ కూపర్ నడిపిన పోటీల్లో లాస్ ఏంజెలెస్ డిప్యూటీ షెరిఫ్ జాక్ వీవర్ రెండు చేతుల పట్టుతో గెలిచి ఆ అలవాటును మార్చేశాడు. కుడిచెయ్యి ముందుకు తోస్తుంది, ఎడమచెయ్యి వెనక్కి లాగుతుంది. మోచేతులు కాస్త వంగి ఉంటాయి. దెబ్బ మణికట్టు మీదే పడకుండా భుజాల దాకా పంచుకుపోతుంది.

చాలా గురులు తప్పేది మాత్రం తన్ను వల్ల కాదు, తంతుందన్న భయం వల్ల. ట్రిగ్గర్ కదలకముందే కళ్లు మూతపడతాయి, మణికట్టు కిందకు వంగుతుంది. దీన్ని బయటపెట్టడానికి శిక్షకులు నిజమైన తూటాల మధ్య ఖాళీవి కలిపి సిలిండర్ నింపుతారు. ఖాళీ తూటా దగ్గర హ్యామర్ ‘టక్’మన్నప్పుడు మూతి కిందకు కుంగితే జబ్బు దొరికినట్టే. మందు కూడా తేలికే: మాగ్నమ్ రివాల్వర్‌లోనే .44 స్పెషల్ తూటాలతో మొదలుపెట్టడం, చెవుల్లో ప్లగ్గులు పెట్టి వాటిపై మఫ్‌లు కూడా వేసుకోవడం. ఉలికిపాటులో సగం పాపం ఆ చప్పుడుదే. అలసట రాకముందే ఆపేయాలి. నొప్పితో పేల్చే ప్రతి తూటా భయాన్నే నేర్పుతుంది.

సరంజామా సాయం కొంత ఉంది. రబ్బరు పిడి దెబ్బను మెత్తబరుస్తుంది. మూతి దగ్గర పైవైపు కోసిన సందుల్లోంచి వాయువు ఎగసి గొట్టాన్ని కిందకు నొక్కుతుంది. 2003లో .500 మాగ్నమ్ తెచ్చినప్పుడు స్మిత్ అండ్ వెసన్ బరువును కూడా నమ్ముకుంది. పొడవాటి గొట్టం ఉన్న రకం రెండు కిలోలు తూగుతుంది. అదే కంపెనీ .44 మాగ్నమ్‌లో 329పీడీ అనే 700 గ్రాముల చిల్లర తేలిక రివాల్వర్ కూడా అమ్మింది. నడుముకు హాయే, మణికట్టుకు నరకం. అంత కుదుపుకు పేలని తూటాల్లోని బుల్లెట్లు కూడా ముందుకు జారి సిలిండర్‌ను బిగించేస్తాయి. ఎలుగుబంటి భయంతో దాన్ని కొన్నవాడికి అంతకు మించిన ఆపద ఉండదు.

ఈ విద్యకు గట్టి పరీక్ష మెటాలిక్ సిల్హౌట్ పోటీ. మెక్సికో నుంచి వచ్చిన ఈ ఆటకు అమెరికాలో 1976లో హ్యాండ్‌గన్ షూటర్ల సంఘం ఏర్పడింది. 50 మీటర్ల దగ్గర ఉక్కు కోళ్లు, 100 దగ్గర పందులు, 150 దగ్గర టర్కీలు, 200 దగ్గర పొట్టేళ్లు. షూటర్ వెల్లకిలా పడుకుని, మోకాలు ముడిచి, గొట్టాన్ని కాలికి ఆనించి పేలుస్తాడు. రివాల్వర్ వాడేవాళ్లు పిక్కకు తోలు కట్టుకుంటారు, సిలిండర్ సందులోంచి చిమ్మే వాయువు కాలిని కాల్చకుండా. పొట్టేలుకు బుల్లెట్ తగిలినా అది పడిపోకపోతే సున్నాయే. అందుకే చాలామంది పొట్టేళ్లకు బరువైన తూటాలు దాచి, కోళ్ల దగ్గర తక్కువ మందు వేసినవే పేలుస్తారు.