రేనాటి వీరగేయములలో జనుల పలుకు

ఒకరు పాడిన పాటను మరియొకరు కాగితముపై పెట్టుట లేఖనమే కాని రచన కాదని మన పండితులలో ఒక భావన కలదు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల పరిసరములగు రేనాటి గేయములను పరిశీలించినచో ఈ భావన నిలువదు. నోరున్నను వ్రాత లేని జనుల పలుకు ఆ లేఖకుని చేతిలోనే నిలుచుటయో మాయమగుటయో జరుగుచున్నది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసెను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసిరి. ఆయన తలను 1877 వరకు కోటలో వ్రేలాడనిచ్చిరి. ఆయనకు నెలకు ముట్టిన భరణము 11 రూపాయల 10 అణాల 8 పైసలని పైసతో సహా లెక్క దక్కినది. మాన్యములు పోయి ఆయన వెంట నడచిన కట్టుబడి బంట్లకు మాత్రము కంపెనీవారి వ్రాతలలో సొంత పలుకు లేదు. వారు తిరుగుబాటునకు చూపబడిన ఒక కారణము మాత్రమే.

పాట ఇందుకు భిన్నము. కంపెనీ వ్రాత ఆయనను గూర్చి ప్రథమ పురుషలో చెప్పును. పాట పల్లవి ఆయననే మధ్యమ పురుషలో, ఏకవచనమున, ఎదుట నిలిచిన వానిని వలె చనువుగా పిలుచును. 2019 నాటి చలనచిత్రమునకు ఈ పిలుపే పేరైనది. పిలుచువారెవరు? నాయకుడు కాదు, జనులు. కావున ఈ గేయమున వినిపించునది నరసింహారెడ్డి గొంతు కాదు, ఆయనను పిలిచిన పల్లెల గొంతు. గౌరవార్థమని ఆ ఏకవచనమును దిద్దిన లేఖకుడు నాయకునికి మర్యాద చేసి జనుల నోరు మూసినవాడగును.

బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) ఇట్టి పాటలకు విశ్వవిద్యాలయమున పీట వేసినది. తంగిరాల వెంకట సుబ్బారావుగారు రేనాటి గేయములను సేకరించి చేసిన ఉపకారము చిన్నది కాదు. అయినను ‘రేనాటి సూర్యచంద్రులు’ అను పేరు మన దృష్టిని నరసింహారెడ్డి, బుడ్డా వెంగళరెడ్డి అను ఇరువురిపైననే నిలుపుచున్నదని నాకు తోచును. వెంగళరెడ్డి 1866 నాటి కరవులో అన్నము పెట్టిన దాత. అన్నము పెట్టినవాని కీర్తి పాటలో ఉన్నది నిజమే. కాని ఆ కీర్తిని పలికినది తిన్నవారి కృతజ్ఞత. వారి ఆకలిని మరచి దాతృత్వమును మాత్రమే వ్యాఖ్యానించుట సగము పాటను చదువుటయే.

యాసను కాపాడినంతనే సరిపోవునా యని ప్రశ్నింపవచ్చును. సరిపోదు. జాషువా ‘గబ్బిలము’ (1941) యాసలో లేదు, పద్యములో ఉన్నది. అయినను అందలి అస్పృశ్యుని వేదన ఎరువు తెచ్చుకొన్నది కాదు. అచట కవియే ఆ అవమానమును అనుభవించినవాడు. రేనాటికి బయటినుండి వచ్చు సేకర్తకు అట్టి అధికారము లేదు గనుక అతని జాగ్రత్త ఇనుమడింపవలెను.

కొత్తపల్లె వంటి యూరికి పుస్తకముతో పోవు విద్యార్థి పాటతోపాటు పాడినవారి పేరు, పని, ఏ సందర్భమున పాడిరో, వంత ఎవరందుకొనిరో కూడ వ్రాసికొనవలెను. వంత మాట ముఖ్యము. చోటు కలిసివచ్చునని పల్లవిని మొదట ఒక్కమారు ముద్రించి, తరువాత చరణములనే వరుసగా ఇచ్చుట మన ప్రచురణలలో వాడుక. చరణము ఒక్కడు పాడునది. పల్లవి గుంపు అందుకొనునది.