వంతులవారీ గీతలు

కొత్త గదిలో పిల్లవాణ్ణి "ఏమైంది?" అని అడిగితే అమ్మ చాటుకు పోతాడు. లండన్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్‌కు ఇది బాగా తెలుసు. 1923 నుంచి నలభై ఏళ్లు పాడింగ్టన్ గ్రీన్ ఆసుపత్రిలో పిల్లల్నే చూశాడాయన. అందుకే అడిగే బదులు కాగితం మీద ఓ పిచ్చిగీత గీసి ముందుకు జరిపేవాడు, దీన్ని ఏదైనా బొమ్మగా చెయ్యమని. పిల్లవాడు దానికి కళ్లో తోకో పెట్టేవాడు. మరుసటి గీత పిల్లవాడిది, బొమ్మ డాక్టరుది. నాకు నచ్చేది ఆ వంతు మారడమే. పరీక్షించేవాడెవరో, పరీక్షకు కూర్చున్నదెవరో మరుగున పడుతుంది. డాక్టరు బొమ్మ బాగోలేదని పిల్లవాడు నవ్వొచ్చు కూడా! మన దగ్గర స్పీచ్ థెరపిస్టు నేలమీద చతికిలబడి, ఆటబండిని పిల్లవాడే తోసేదాకా ఆగడం కూడా ఇలాంటి పనితనమే. బయట బెంచీ మీద ఆ పిల్లవాడి తండ్రి మాత్రం "ఆడించడానికా ఇంత ఫీజు?" అని గొణుగుతుంటాడు.