ఎడమచేతి పనితనం

నాచారం పారిశ్రామికవాడలో ఏ లేత్ షెడ్డు ముందైనా కాసేపు నిలబడండి. షాఫ్టు ఒకచోట తయారై ఉంటుంది, బేరింగు బజారులో కొన్నది. విడివిడిగా చూస్తే రెండింట్లోనూ వంక పెట్టడానికి ఏమీ ఉండదు. ఫిట్టర్ మాత్రం ఒకదాన్ని ఇంకొకదాంట్లోకి ఎక్కించి, చేత్తో తిప్పి, చెవి ఒగ్గి వింటాడు. ఎక్కడైనా పట్టేస్తే బయటికి తీసి, ఎమరీ కాగితంతో రెండు రుద్దులు రుద్ది మళ్లీ ఎక్కిస్తాడు. అక్కణ్నుంచి ఉప్పల్ స్టేడియం ఎంతో దూరం లేదు. 2024 వేసవిలో అక్కడ ఆడిన సన్‌రైజర్స్ జట్టును తలుచుకుంటే సిక్సర్ల కన్నా ముందు నాకు ఆ ఫిట్టర్ చేతులే గుర్తొస్తాయి.

జట్టును కూర్చే మనిషికి ఒక్కో దేశంలో ఒక్కో పేరు. అమెరికా ఫుట్‌బాల్‌లో జనరల్ మేనేజర్ ఆటగాళ్లను ఎంచి తెస్తాడు, కోచ్ ఆడిస్తాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో చాలాకాలం ఆ రెండు పనులూ మేనేజర్ ఒక్కడివే. ఐపీఎల్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఎవరిని వదులుకోవాలి, వేలంలో ఎవరి కోసం ఎంతదాకా పాడాలి అన్నది హెడ్ కోచ్ యాజమాన్యంతో కూర్చుని తేల్చుకుంటాడు. తర్వాత వాళ్లతోనే మ్యాచ్ నెగ్గుకురావాలి. ఇలాంటి చేతిని చూసిన అనుభవం హైదరాబాద్‌కు పాతదే. 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి కుర్రాళ్లకు పోటీలు నడిపిన గురువు ఆయన. ఆటగాడిలో ఏ పక్క బలహీనంగా ఉందో కనిపెట్టి, సరిగ్గా అక్కడే పని పెట్టడం ఆయన పద్ధతి.

ఉప్పల్ జట్టు 2016లో టామ్ మూడీ శిక్షణలో కప్పు గెలిచింది. ఆ తర్వాత మెల్లగా సడలింది. 2020 నుంచి నాలుగు సీజన్లలో ట్రెవర్ బేలిస్, మళ్లీ మూడీ, ఆపైన బ్రయాన్ లారా కోచ్‌లుగా వచ్చారు. 2023లో 14 మ్యాచ్‌లకు నాలుగే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ ఏడాది ఆగస్టు 7న డేనియల్ వెటోరీని హెడ్ కోచ్‌గా ప్రకటించారు.

వెటోరీ 18 ఏళ్లకే న్యూజిలాండ్ తరఫున టెస్టు ఆడిన ఎడమచేతి స్పిన్నర్. 362 టెస్టు వికెట్లు తీశాడు. బెంగళూరు జట్టుకు 2014 నుంచి 2018 దాకా కోచ్‌గా చేశాడు కనుక ఐపీఎల్ వేలం లోతుపాతులు తెలుసు. వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. 2022 నుంచి అతను ఆస్ట్రేలియా జట్టుకు సహాయ కోచ్. పాట్ కమిన్స్, ట్రావిస్ హెడ్ నెట్స్‌లో ఎలా చెమటోడుస్తారో, ఓడిన రాత్రి ఎలా ఉంటారో దగ్గర్నుంచి చూసినవాడు. వేలంలో ఎవరికైనా స్కోరుకార్డులు దొరుకుతాయి, ఈ ఎరుక అందరికీ దొరకదు.

2023 డిసెంబర్ 19న దుబాయ్‌లో వేలం. అంతకుముందే హ్యారీ బ్రూక్‌ను, అంటే 13.25 కోట్లు పోసి కొన్న ఆటగాణ్ని, ఒక్క సీజన్‌కే వదిలేశారు. చేతిలో 34 కోట్లు, నింపాల్సిన ఖాళీలు ఆరు, అందులో విదేశీయులకు మూడు. ముందుగా హెడ్ పేరు వచ్చింది. చెన్నైతో పోటీపడి 6.80 కోట్లకు తీసుకున్నారు. ఆ తర్వాత కమిన్స్. బెంగళూరు చివరిదాకా వదల్లేదు. సన్‌రైజర్స్ యాజమాన్యం తరఫున కూర్చున్న కావ్య మారన్ టేబుల్ నుంచి ప్యాడిల్ లేస్తూనే ఉంది. 2 కోట్ల దగ్గర మొదలైన పాట 20.50 కోట్ల దగ్గర ఆగింది. అప్పటికి ఐపీఎల్ చరిత్రలో అంత ధర ఎవరికీ పలకలేదు. కాసేపటికే మిచెల్ స్టార్క్ దాన్ని దాటాడనుకోండి.

ఆ డబ్బు దండగన్నవాళ్లు చాలామంది. నేను మాత్రం ఆ కొనుగోలులోని లెక్కను మెచ్చుకుంటాను. పదకొండు మందిలో విదేశీయులు నలుగురే ఉండాలి. ఆ నాలుగు స్థానాల్లో ఒకదాన్ని కెప్టెన్ తీసుకుంటే మిగిలేవి మూడు. కమిన్స్ ఒక్కడే వస్తే ప్రధాన బౌలర్, కెప్టెన్, ఎనిమిదో నంబర్‌లో బలంగా బాదగల బ్యాటర్, ముగ్గురూ ఒకే స్థానంలో ఇమిడిపోతారు. 2024 మార్చి 4న అప్పటి కెప్టెన్ ఎయిడెన్ మార్‌క్రమ్ స్థానంలో అతనికే పగ్గాలిచ్చారు. మార్‌క్రమ్ బ్యాటర్‌గా కొనసాగాడు.

కొత్త కోచ్ వస్తే పాత సామానంతా బయట పారేయడం మామూలే. ఇక్కడ అలా జరగలేదు. అభిషేక్ శర్మ 2019 నుంచి ఈ జట్టులోనే ఉన్నాడు. బ్యాటర్ హైన్రిక్ క్లాసెన్ అంతకుముందు వేలంలోనే 5.25 కోట్లకు వచ్చాడు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షల కనీస ధరకు తీసుకున్నవాడు. కావలసిన భాగాలు చాలావరకు షెడ్డులోనే ఉన్నాయి. ఎక్కడ బిగించాలో తేలాల్సి ఉంది.

అది తేలడానికి నాలుగు మ్యాచ్‌లు పట్టింది. మార్చి 23న కోల్‌కతాలో తొలి మ్యాచ్‌కు హెడ్‌ను బయట కూర్చోబెట్టారు. నాలుగు పరుగులతో ఓడారు. నాలుగు రోజులకు ఉప్పల్‌లో ముంబయితో ఆట. మార్కో యాన్సెన్‌ను తీసి హెడ్‌ను దించారు. అతను 24 బంతుల్లో 62 కొట్టాడు. మూడో నంబర్‌లో వచ్చిన అభిషేక్ 23 బంతుల్లో 63, క్లాసెన్ 34 బంతుల్లో 80 నాటౌట్. స్కోరు 3 వికెట్లకు 277. అంతటి స్కోరు వచ్చాక కూడా అమరిక పూర్తయిందనుకోలేదు. ఏప్రిల్ 5న ఉప్పల్‌లోనే చెన్నైతో ఆడినప్పుడు, అప్పటిదాకా ఓపెనర్‌గా దిగిన మయాంక్ అగర్వాల్ జట్టులో లేడు. అభిషేక్ ఒక మెట్టు పైకి జరిగి హెడ్‌తో ఇన్నింగ్స్ మొదలుపెట్టాడు. 12 బంతుల్లో 37 బాదాడు. నితీశ్‌కు చోటు దొరికింది, గెలుపు సిక్సర్ కొట్టింది అతనే.

హెడ్, అభిషేక్ ఇద్దరిదీ ఎడమచేతి వాటమే. ఓపెనర్లలో ఒకరు కుడి, ఒకరు ఎడమ ఉంటే బౌలర్ లైన్ చెదురుతుందని క్రికెట్‌లో పాత మాట. ఆ మాట కోసం ఈ జోడీని విడదీయకపోవడం చిన్న సంగతి కాదు. మే 8న ఉప్పల్‌లో లక్నో 166 పరుగుల లక్ష్యం ఇస్తే ఆ ఇద్దరే 9.4 ఓవర్లలో ముగించేశారు. హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ 28 బంతుల్లో 75.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అతుకు మాత్రం ఉప్పల్‌లో కాదు, చెపాక్‌లో పడింది. మే 24, రాజస్థాన్‌తో రెండో క్వాలిఫయర్. ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ప్రకారం టాస్ సమయంలో ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల పేర్లు ఇచ్చి, ఆట మధ్యలో వాళ్లలో ఒకరిని వాడుకోవచ్చు. సన్‌రైజర్స్ షాబాజ్ అహ్మద్‌ను దించింది. మయాంక్ డాగర్‌ను బెంగళూరుకు ఇచ్చి తెచ్చుకున్న ఎడమచేతి స్పిన్నర్ అతను. బ్యాట్‌తో 18 పరుగులు చేశాడు. తర్వాత బంతి అందుకుని యశస్వి జైస్వాల్, రియాన్ పరాగ్, అశ్విన్‌లను అవుట్ చేశాడు. 23 పరుగులకు 3 వికెట్లు. రెండో వైపు అభిషేక్ కూడా ఎడమచేతి స్పిన్నే వేసి రెండు తీశాడు. 175 చేసిన జట్టు 36 పరుగులతో గెలిచి ఫైనల్ చేరింది. షాబాజ్‌ను దించడం వెటోరీ నిర్ణయమని మ్యాచ్ అయ్యాక కమిన్స్ చెప్పాడు. ఆ పిచ్‌పై ఆ వేగంతో, ఆ ఎత్తు నుంచి వేసిన బంతి ఎలా ఆగి వస్తుందో వెటోరీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. బతుకంతా తన వేళ్లతో చేసిన పనే అది.

ఫైనల్లో అదే చెపాక్‌లో 113కే కుప్పకూలారు. కోల్‌కతా కప్పు ఎగరేసుకుపోయింది. అదే దుబాయ్ వేలంలో కోటిన్నరకు కొన్న స్పిన్నర్ హసరంగ మడమ గాయంతో ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మంచి పనివాడి షెడ్డులోనూ కొన్ని భాగాలు వాడకుండానే మిగిలిపోతాయి.

ఆ నవంబర్‌లో పెర్త్‌లో భారత్‌తో టెస్టు సాగుతుండగానే వెటోరీ ఆస్ట్రేలియా జట్టును విడిచి జెడ్డాలో మెగా వేలానికి వెళ్లాడు. అక్కడ 11.25 కోట్లకు ఇషాన్ కిషన్‌ను తీసుకున్నారు. 2025 మార్చి 23, ఆదివారం, ఎండ దిగని మధ్యాహ్నం ఉప్పల్‌లో రాజస్థాన్‌తో మ్యాచ్. హెడ్, అభిషేక్ మొదలుపెట్టారు. అభిషేక్ అవుటవగానే మూడో నంబర్‌లో కిషన్ వచ్చాడు, అతనిదీ ఎడమచేతి వాటమే. 47 బంతుల్లో 106 నాటౌట్, జట్టు స్కోరు 6 వికెట్లకు 286.